గ్రానైట్ అంచుల పని, తగ్గని దగ్గు: ఇది టీబీయా, రాతి దుమ్మా?

ప్రశ్న (పర్లాకిమిడి నుంచి)

అందరికీ నమస్కారం. మాది గజపతి జిల్లాలో పర్లాకిమిడి పక్క పల్లె. మా అన్నయ్యకు 41 ఏళ్ళు. 14 ఏళ్ళుగా సరిహద్దు దాటి టెక్కలి వైపు గ్రానైట్ యూనిట్లలో పనిచేస్తున్నాడు. ఇప్పటికి మూడు యూనిట్లు మారాడు. పెద్ద రాళ్ళను నీళ్ళు పోస్తూనే కోస్తారు గాని, పలకల అంచులను చేతి గ్రైండరుతో పొడిగానే అరగదీస్తారు. అన్నయ్యది ఆ అంచుల పని. రెండేళ్ళుగా దగ్గు, ఇప్పుడు చెరువు గట్టు ఎక్కితే ఆయాసం. కిందటేడు ఎక్స్‌రే చూసి టీబీ అన్నారు. తెమడ పరీక్షలో క్రిమి కనిపించలేదు, అయినా ఆరు నెలలు మందులు ఒక్క పూట మానకుండా వాడాడు. ఆయాసం తగ్గకపోగా పెరిగింది. ఇప్పుడు మళ్ళీ అవే మందులు మొదలుపెట్టమంటున్నారు. ఏం పని చేస్తావని అన్నయ్యను ఎవరూ అడగలేదు, చెప్పాలని మాకూ తోచలేదు. నీళ్ళు కొడుతున్నాం కదా, దుమ్మెక్కడిదని యజమాని అంటాడు. తువ్వాలు కట్టుకుంటున్నాను కదా అని అన్నయ్య అంటాడు. పని మానేస్తే ఇల్లు గడవదు. దయచేసి తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1 (జయపురం, ఛాతీ వ్యాధుల విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకున్నవాణ్ణి)

ఎక్స్‌రే చూడకుండా జబ్బుకు పేరు పెట్టడం సరికాదు కాబట్టి మీ అన్నగారికి ఫలానా జబ్బే అని నేను అనను. అయితే మీరు చెప్పిన వరుసను, అంటే పొడి గ్రైండరు పని, పదేళ్ళు దాటిన కాలం, తెమడలో దొరకని క్రిమి, మందులకు లొంగని ఆయాసం, ఇవన్నీ చూసిన ఏ వైద్యుడైనా ముందుగా సిలికోసిస్‌ను, అంటే రాతి దుమ్ము పీల్చడం వల్ల ఊపిరితిత్తులకు వచ్చే జబ్బును, అనుమానించాలి.

గ్రానైట్ అనే పేరుకు నిజంగా తగిన రాయిలో క్వార్ట్జ్ 20 శాతానికి తక్కువ ఉండదు (వ్యాపారంలో ఆ పేరుతో అమ్మే రాళ్ళన్నీ అలాంటివి కావు, అది వేరే సంగతి). ఆ క్వార్ట్జే స్ఫటిక రూపంలో ఉన్న సిలికా. గ్రైండరు దగ్గర కంటికి కనిపించే దుమ్ములో ఎక్కువ భాగం ముక్కులోనూ గొంతులోనూ ఆగిపోతుంది. హాని చేసేది కంటికి కనిపించనిది. సుమారు నాలుగు మైక్రాన్లకు లోపు ఉండే రేణువులు ఊపిరితిత్తుల చివరి గాలి గదుల దాకా చేరతాయి. అక్కడ శరీరపు రక్షక కణాలు వాటిని మింగుతాయి గాని అరిగించుకోలేక చచ్చిపోతాయి, ఆ రేణువులు బయటపడి మరో కణానికి చిక్కుతాయి, ఇలా సాగే వాపు క్రమంగా గట్టి మచ్చలుగా మారుతుంది. పుండు మానిన చోట చర్మం బిగుసుకున్నట్టు ఊపిరితిత్తి బిగుసుకుపోతుంది. ఆ మచ్చలను కరిగించే మందు లేదు. పని మానిన తరువాత కూడా జబ్బు ముదరవచ్చు, అయినా దుమ్ములోనే కొనసాగితే మరింత వేగంగా ముదురుతుంది.

టీబీతో గందరగోళం ఎందుకంటే, రెండు జబ్బుల మచ్చలూ ఎక్కువగా ఊపిరితిత్తుల పై భాగంలోనే కనిపిస్తాయి, దగ్గు, ఆయాసం, బరువు తగ్గడం రెండింటిలోనూ ఉండవచ్చు. దీనికి తోడు సిలికా పేరుకున్న ఊపిరితిత్తిలో టీబీ సోకే ప్రమాదం మామూలు మనిషి కంటే చాలా ఎక్కువ. అందుచేత రెండూ కలిసి ఉండవచ్చు. ఈ జవాబు చదివి టీబీ మందులు సొంతంగా మానవద్దు. బరంపురంలోని ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి గాని, విశాఖలో పెదవాల్తేరు ఛాతీ ఆసుపత్రికి గాని వెళ్ళి, పాత ఎక్స్‌రేలన్నీ ముందు పెట్టి, తెమడను ట్రూనాట్ లేదా సీబీనాట్ పద్ధతిలో (టీబీ క్రిమి జన్యువును వెతికి పట్టే పరీక్షలు ఇవి) మళ్ళీ పరీక్షించమనండి. ఊదించి చూసే స్పైరోమెట్రీ, అవసరమైతే సీటీ స్కాన్ వాళ్ళే చెప్తారు. చీటీ మీద వృత్తి అన్న చోట "కూలీ" అని రాయనివ్వకండి. "14 ఏళ్ళుగా గ్రానైట్ అంచులు పొడి గ్రైండరుతో అరగదీసే పని" అని రాయించుకోండి. బీడీ అలవాటుంటే ఇవాళే మానాలి.

జవాబు 2 (రాయగడ, క్రషర్‌లో పదకొండేళ్ళు సూపర్‌వైజరుగా ఉన్నాను)

యజమాని మాటలో సగమే నిజం. నీళ్ళు పనిచేస్తాయి, అయితే గ్రైండరు బిళ్ళ రాయిని తాకే చోటనే పడాలి. నేల తడిపితే చాలదు. పైగా తడి బురద ఆరి పొడి అయ్యాక చీపురుతో ఊడిస్తే, ఆ దుమ్మే మళ్ళీ లేస్తుంది. మా దగ్గర సాయంత్రం గాలి పైపుతో ఒంటి మీది దుమ్ము ఊదుకునేవారు, అంతకు మించిన తప్పు లేదు. తువ్వాలు పెద్ద రేణువులనే ఆపుతుంది. ఎన్95 మాస్కు ముఖానికి సందు లేకుండా అతుక్కుంటేనే ఉపయోగం, గడ్డం ఉంటే అతుక్కోదు. అన్నిటికన్నా ముందు చేతి గ్రైండరుకు నీటి గొట్టమో, దుమ్ము లాగే యంత్రమో పెట్టమని అడగాలి.

జవాబు 3 (బరంపురం, కార్మిక కేసులు చూసే న్యాయవాదిని)

సిలికోసిస్ ప్రభుత్వానికి తప్పనిసరిగా తెలియజేయవలసిన జబ్బు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో అది ఉండేది, దాని స్థానంలో వచ్చిన 2020 నాటి వృత్తి భద్రత కోడ్‌లోనూ ఉంది. కాబట్టి నిర్ధారణ జరిగితే వైద్యుడు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఆ కాగితం నకలు అడిగి తీసుకోండి.

ఇల్లు ఒడిశాలో, పని ఆంధ్రలో అని బెంగ పడవద్దు. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో 1995 సవరణతోనే, కార్మికుడు నివసించే ప్రాంతంలో పరిహారం తేల్చే అధికారి (కమిషనరు) దగ్గర కూడా దరఖాస్తు వేసుకునే వీలు వచ్చింది, ఆ చట్టం స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్‌లోనూ ఆ వీలు ఉంది. మూడు యూనిట్లు మారడం కూడా అడ్డు కాదు. రాతి దుమ్ము జబ్బులు ఆ చట్టం మూడో షెడ్యూలు సి భాగంలో ఉండేవి, కోడ్‌లోనూ ఉన్నాయి; ఆ భాగపు జబ్బు విషయంలో యజమానులు ఒకరి కంటే ఎక్కువ మంది ఉంటే, ఎవరు ఎంత చెల్లించాలో ఆ అధికారే నిర్ణయిస్తారు. ఈఎస్ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా) కార్డు ఉంటే దారి వేరు, అప్పుడు ఈఎస్ఐ సంస్థనే అడగాలి. 2025 నవంబరు నుంచి పాత కార్మిక చట్టాల స్థానంలో కొత్త కార్మిక కోడ్‌లు అమలులోకి వచ్చాయి కనుక ఏ ఫారం వాడాలో కార్యాలయంలోనే అడగండి, గడువు మాత్రం దాటనివ్వకండి. ఇలాంటి కేసులు ఓడిపోయేది సాధారణంగా చట్టం లేక కాదు, ఆ మనిషి అక్కడ పనిచేసినట్టు చూపే కాగితం లేక. హాజరు చీటీ, బ్యాంకు జమ, తోటి పనివాళ్ళ వాంగ్మూలం, ఏది దొరికితే అది ఇప్పుడే సేకరించండి.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ కృతజ్ఞతలు. ఈఎస్ఐ కార్డు లేదు. రెండో యూనిట్ మేస్త్రీ దగ్గర పాత హాజరు పుస్తకం ఉందట, ఫోటో తీసి పంపుతానన్నాడు. సోమవారం బరంపురం వెళ్తున్నాం. ఒక్క సందేహం: అన్నయ్య పని బట్టలు వదిన ఇంట్లో దులిపి ఉతుకుతుంది, పిల్లలు అక్కడే ఆడుకుంటారు.

జవాబు 2 రాసినవారు

దులపవద్దని చెప్పండి. పని చోటనే బట్టలు మార్చుకుని, సంచిలో మూటకట్టి తెచ్చి, నేరుగా బకెట్ నీళ్ళలో ముంచాలి. తల కూడా కడుక్కున్నాకే పిల్లలను ఎత్తుకోమనండి.