లావా నేల మీద సముద్రం దాకా ఒక రోజు నడక: మోకాలు తట్టుకుంటుందా?

ఎంవీపీ కాలనీ ఇల్లాలు:
నమస్కారం. మా అమ్మాయి మాడ్రిడ్‌లో ఉద్యోగం చేస్తోంది. మార్చిలో మేమిద్దరం వెళ్తున్నాం. ఆఫ్రికా తీరానికి దగ్గర్లో ఉన్న లాంజరోటే అనే స్పెయిన్ దీవికి తీసుకెళ్ళి, గైడు వెంట అగ్నిపర్వతాల మధ్యగా సముద్రం ఒడ్డు దాకా ఒక రోజంతా నడిపిస్తానంటోంది. మా వారికి అరవై రెండేళ్ళు. రోజూ ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర మొదలుపెట్టి సబ్‌మెరైన్ మ్యూజియం దాటి నడుస్తారు. ఆ ధీమాతోనే సరే అనేశారు. ఆయన ఎడమ మోకాలి సంగతి నాకు తెలుసు, ఆయన ఒప్పుకోరు. కైలాసగిరి మెట్లు ఎక్కించి అలవాటు చేయిస్తే చాలా? గైడు లేకుండా మా తీరిక కొద్దీ నడవవచ్చా? శాకాహారం దొరుకుతుందా?

భీమిలి బాటసారి:
రోజూ మెట్లు ఎక్కండి, ఏ దీవి అయినా ఒకటే. అనవసరంగా భయపడకండి.

ఉక్కునగరం పాతకాపు:
పై సలహాతో ఏకీభవించలేను. మెట్లు ఊపిరికి మంచివే. అక్కడ ఊపిరితో పెద్దగా పని లేదమ్మా, పనంతా పాదంతోనే.

నేను స్టీల్ ప్లాంటులో ఇనుము కరిగించే బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యాను. లాంజరోటేలో లావా మైదానం చూడగానే ఇనుము తీశాక పారబోసే మా స్లాగు గుట్టలే కళ్ళ ముందు నిలిచాయి. అదే నలుపు, అవే బుడగల తొర్రలు, విరిగిన అంచుకు అదే పదును. చెయ్యి ఆనిస్తే చర్మం గీసుకుపోతుంది. అందుకే బూట్లకన్నా ముందు చేతి తొడుగులు కొనండి. బూట్లు చీలమండ పైదాకా ఉండాలి, అడుగు మందంగా ఉండాలి. కొన్నిచోట్ల దారంతా వదులు చిట్టెమే. అడుగు వేస్తే జారుతుంది, మోకాలు అప్పుడే మెలిపడుతుంది. రెండు చేతికర్రలు తప్పనిసరి, మీ వారు నామోషీ అన్నా సరే.

1730 సెప్టెంబరు 1న అక్కడ నేల చీలింది. 1736 దాకా లావా పారుతూనే ఉంది. యాయిసా అనే ఊరి చర్చి ఫాదర్ దాన్ని చూసినంత కాలం రాసి పెట్టాడు. 1824లో మళ్ళీ ఒకసారి పొంగింది. వానలు బాగా తక్కువ కాబట్టి ఇన్నేళ్ళయినా రాయి మీద మట్టి పట్టలేదు. నాచులాంటి లైకెన్లు మాత్రం బూడిదరంగు పొక్కుల్లా అంటుకుని ఉంటాయి. ఏళ్ళ తరబడి పెరిగినది ఒక్క బూటు కింద పోతుంది. పైగా గట్టిగా కనిపించే పెచ్చు కింద డొల్ల ఉండవచ్చు. అందువల్ల ఈ లావా నేల ఉన్న టిమన్‌ఫాయా నేషనల్ పార్కులో ఎక్కడపడితే అక్కడ నడవనివ్వరు. ట్రెమెసానా అనే దారిలో పార్కు సిబ్బందే వెంట తీసుకెళ్తారు, ముందుగా పేర్లు నమోదు చేసుకోవాలి. గైడు వద్దనే ఆలోచన మానుకోండి.

నీడకు ఒక్క చెట్టు ఉండదు. గాలి ఎంత జోరంటే, తాడు లేని టోపీ ఆఫ్రికా చేరుతుంది. గాలికి చెమట తెలియదు కాబట్టి దాహం వేయకపోయినా నీళ్ళు తాగుతూ ఉండాలి.

సాధనకు యారాడ వెళ్ళండి. బీచ్ చివరనున్న రాళ్ళ మీద, పొద్దున్నే, అలలకు దూరంగా, పొడిగా ఉన్నచోట నడిపించండి. మన విశాఖ కొండల రాయి, ఖోండలైటు, లావా రాయి కాదు, అంత పదునూ ఉండదు. అయినా ప్రతి అడుగూ చూసి వేయడం కంటికి అలవాటవుతుంది. బీచ్ రోడ్డు నడక ఆ కన్నును బద్ధకిస్టును చేస్తుంది.

ఎంవీపీ కాలనీ ఇల్లాలు:
చాలా థాంక్సండీ. చేతికర్రల మాట చదివి వినిపిస్తే ఆయన టీవీ శబ్దం పెంచారు. నడవలేమనిపిస్తే వేరే దారి ఏదైనా ఉందా?

సీతమ్మధార సుబ్బి:
ఉంది పిన్నిగారూ. మా అత్తగారిని అలాగే తిప్పాం. టిమన్‌ఫాయా టికెట్టుతోనే పార్కు బస్సు ఎక్కించి, సుమారు 14 కిలోమీటర్లు అగ్నిపర్వత ముఖాల మధ్య తిప్పుతారు. కిందికి దిగనివ్వరు, కిటికీలోంచే చూడాలి. బస్సు బయలుదేరే చోట గుంటలో ఎండుకంప పడేస్తే దానంతటదే అంటుకుంటుంది. గొట్టంలో నీళ్ళు పోస్తే ఆవిరి చిమ్ముతుంది. మా అత్తగారు అక్కడినుంచి కదిలితే ఒట్టు!

సముద్రం కోసం లోస్ ఎర్విదెరోస్‌కు కారులో వెళ్ళవచ్చు. లావా గోడల కిందికి దూరిన అల, లోపల గుద్దుకుని కన్నాల్లోంచి పైకి లేస్తుంది. ఆ పక్కనే ఎల్ గోల్ఫోలో నల్ల ఇసుక వెనక పచ్చని మడుగు ఉంది. నాచు వల్ల ఆ రంగు. రాళ్ళలో మెరిసే ఆకుపచ్చ ఒలివిన్ అనే ఖనిజం పలుకులు చూసి ముచ్చటపడండి గానీ, పార్కు రాళ్ళు సంచిలో వేసుకోవడం నేరం.

తిండికి ఇబ్బంది లేదు. ఉప్పునీళ్ళలో తొక్కతో ఉడికించిన చిన్న బంగాళాదుంపలు అన్నిచోట్లా దొరుకుతాయి. కొత్తిమీర, వెల్లుల్లి నూరిన పచ్చ మోహో అనే అక్కడి పచ్చడితో తినండి. ఎర్ర మోహో మన నాలుకకు చప్పనే. ఒక కారప్పొడి పొట్లం పెట్టుకోండి.

ఉక్కునగరం పాతకాపు:
బస్సు మాట బాగుంది. అమ్మాయికి చెప్పి బస్సు మొదటి రోజున, నడక మరునాడు పెట్టించండి. ఆ నేల కళ్ళారా చూశాక చేతికర్రలు ఆయనే అడుగుతారు.