భీమిలి తీరంలో పెద్ద రిసార్టులు రావాలా, వద్దా?

సాగరతీరం:
విశాఖ నుంచి భీమిలికి బీచ్ రోడ్డు మీద పాతిక కిలోమీటర్లు. రుషికొండ, తొట్లకొండ, ఎర్రమట్టి దిబ్బలు చూసుకుంటూ వచ్చే జనం మా ఊళ్లో అరగంట ఆగి, లైట్‌హౌస్ దగ్గర ఫోటోలు దిగి వెళ్లిపోతున్నారు. రాత్రి ఉండేవాళ్లు తక్కువ. శుభ్రంగా, భద్రంగా ఉండే బీచ్‌లకు ఇచ్చే అంతర్జాతీయ బ్లూ ఫ్లాగ్ గుర్తింపు రుషికొండకు 2020లో వచ్చింది, మనకేం తక్కువ? తీరం వెంట పెద్ద హోటళ్లు వస్తే ఇక్కడి కుర్రాళ్లు పనికోసం సిటీకి పోనక్కర్లేదు. మీరేమంటారు?

వలపడవ:
నేను ఒప్పుకోను. మీరు ఖాళీ అనుకుంటున్న ఇసుక మాకు ఖాళీ కాదు. పడవలు ఎక్కించేది అక్కడే, వలలు బాగుచేసుకునేది అక్కడే, మా ఆడవాళ్లు చేపలు ఎండబెట్టేదీ అక్కడే. ఇంకోచోట ఒక హోటల్ వచ్చాక మా బంధువుల పడవలను వాసన వస్తోందని పక్కకి జరిపించారు. ముందు పది గజాలే అన్నారు, ఏడాది తిరిగేసరికి దారే మూసేశారు. అందుకే ఈ మాట వింటేనే నాకు టెన్షన్.

పావురాలకొండ:
ఇద్దరి మాటా విన్నాను. నేను ఇక్కడ పిల్లలకు చరిత్ర చెబుతాను, సెలవు రోజుల్లో వాళ్లను ఊరంతా తిప్పుతాను. భీమిలిని ఒట్టి బీచ్‌గా చూడడం దగ్గరే తప్పు మొదలవుతోంది. పదిహేడో శతాబ్దంలో డచ్చివాళ్లు ఇక్కడ వ్యాపారానికి దిగారు. 1825లో ఊరు ఇంగ్లీషువాళ్ల చేతికి పోయింది. 1861 నాటికే మున్సిపాలిటీ ఉన్న ఊరిది, ఇప్పుడు విశాఖ నగరపాలక సంస్థ జీవీఎంసీలో కలిసింది. డచ్చి సమాధుల మీది అక్షరాలను మా పిల్లలు వేళ్లతో తడిమి చూస్తారు. అంత దూరం నుంచి వచ్చి ఇక్కడే పోయారా అని ఒక పాప అడిగింది. ఆ రోజు నాకు పాఠం చెప్పాల్సిన పనే పడలేదు.

పావురాలకొండ ఎక్కితే బౌద్ధ భిక్షువులు వాననీటి కోసం రాతిలో తొలిచిన తొట్లు కనిపిస్తాయి. పైనుంచి చూస్తే గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటు మొత్తం కళ్లముందు ఉంటుంది. ఇవన్నీ చూడాలంటే రెండు రోజులు పడుతుంది, కానీ వచ్చినవాళ్లకు దారి చూపే మనిషి లేడు. ముందు ఆ మనిషిని పెట్టండి.

ఎర్రమట్టి దిబ్బల సంగతి వేరు. జియలాజికల్ సర్వే 2014లో దాన్ని భూ వారసత్వ స్థలంగా ప్రకటించింది. అది రాయి కాదు, గాలి, నీరు వేల ఏళ్లు పేర్చిన ఇసుక. వాన పడితేనే గాడులు పడుతుంది. జనం గుంపులుగా ఎక్కితే అంచులు కూలిపోతాయి. దాని పక్కన కొత్త కట్టడం ఏదీ రాకూడదు, దీని మీద నాకు రెండో ఆలోచన లేదు.

సాగరతీరం:
దిబ్బల విషయం ఒప్పుకుంటున్నాను. కానీ మాస్టారూ, దారి చూపడంతో ఎంతమందికి జీతాలు వస్తాయి? మా తమ్ముడు డిగ్రీ చేసి నాలుగేళ్లయింది. రోజూ బస్సులో సిటీకి వెళ్లి హోటల్‌లోనే పనిచేస్తున్నాడు. ఆ హోటల్ ఇక్కడే ఉంటే తప్పేమిటి?

పావురాలకొండ:
తప్పు లేదు బాబూ. తీరం మీద కాకుండా ఊరి లోపల కట్టమంటున్నాను. పాత పెంకుటిళ్లు ఎన్నో తాళాలు వేసి ఉన్నాయి. వాటిని బాగుచేసి నాలుగేసి గదులు అద్దెకిస్తే, మీ తమ్ముడిలాంటివాళ్లకు పనీ దొరుకుతుంది, ఇల్లూ నిలుస్తుంది.

వలపడవ:
అలాగైతే నాకు అభ్యంతరం లేదు. ఒక్క మాట. నది కలిసే చోట ఇసుక మేటలు జాగా మారుతుంటాయి. నిన్న మోకాలి లోతున్న చోట ఇవాళ మనిషి మునుగుతాడు. ఏది ఎక్కడ మారిందో మా వాళ్లకు తెలుసు. సెలవు రోజుల్లో ఒడ్డున కాపలాకు మా కుర్రాళ్లనే జీతమిచ్చి పెట్టమని వార్డు సమావేశంలో అడుగుదాం. సాగరతీరం గారూ, మీరూ రండి.

సాగరతీరం:
వస్తాను. తమ్ముణ్ణీ తీసుకొస్తాను.