చెన్నైలో కొత్తగా ఇల్లు: కింద పోర్షనా, డాబా కింద అంతస్తా?

కావలి ట్రంకురోడ్డు: ఉద్యోగానికి పోతున్న తమ్ముడికి వేలచేరిలో రెండు ఇళ్లు చూశాం. ఒకటి కింద పోర్షన్, ఇంకోటి మూడో అంతస్తు, దానిపైన డాబానే. బాడుగ ఒకటే. ఏది మేలు?

పెన్నా గట్టు: పైదే, రెండో మాట లేదు. వేలచేరి పక్కనే పళ్లికరణై చిత్తడి నేల. వేలచేరి 2015 డిసెంబరులో మునిగింది, 2023లో మిచౌంగ్ తుపానుకూ మునిగింది. నీళ్లు గుమ్మంలోంచి వస్తాయనుకుంటారు గానీ, ముందొచ్చేది బాత్‌రూం కన్నంలోంచి. వీధి డ్రైనేజీ నిండితే మురుగు వెనక్కి తన్నుద్ది. సంపు మూత నేలమట్టానికి ఉంటే అదంతా సంపులోకే. చూసుకోకుండా మోటారు వేస్తే పై ట్యాంకూ పాడే.

ఒంగోలు గిత్త: వరద ఏటా రాదన్నా, ఏప్రిల్, మే ఏటా వస్తాయి. పగలంతా కాగిన స్లాబు రాత్రి పొద్దుపోయేదాకా వేడి కక్కుద్ది. నెల్లూరు ఎండ చూసినోళ్లకు ఇదో లెక్కా అంటారు. చెన్నైలో గోడకు గోడ, కిటికీ తీస్తే పక్కింటి కిటికీ, గాలి ఎట్టా ఆడుద్ది? కింద 1 టన్ను ఏసీ సరిపోయే గదికి పైన 1.5 టన్ను కావాల. కరెంటు సొంత మీటరా, సబ్‌మీటరా అడగండి. తమిళనాట ఇళ్లకు రెండు నెలల బిల్లులో మొదటి 100 యూనిట్లు ఉచితం. సబ్‌మీటరు పెట్టి యూనిట్‌కు ఇంతని గుంజే ఇంట్లో ఆ లాభం బాడుగోళ్లదాకా రాదు.

పెన్నా గట్టు: వేడికి ఏసీ ఉంది, డాబాకు తెల్ల కూల్‌రూఫ్ పెయింటుంది. నీళ్లలో నానిన ఫ్రిజ్‌కి ఏముంది?

గూడూరు జంక్షన్: ఇద్దరూ వాడుకనీళ్ల మాటే ఎత్తలేదు. మెట్రోవాటర్ (చెన్నై నీటి బోర్డు) లైనుందా, బోరు మాత్రమేనా? ఎండాకాలంలో ట్యాంకరు తెప్పిస్తే డబ్బులు బాడుగలోవా, విడిగానా? (చెన్నైకి నీళ్లిచ్చే పూండి రిజర్వాయరుకు పోయే కృష్ణా నీళ్లు మన కండలేరు నుంచే. అయినా వీధి చివరి కుళాయికి వస్తాయన్న భరోసా లేదు.) ఇక అడ్వాన్సు. తమిళనాడు 2017 అద్దె చట్టం ప్రకారం 3 నెలల బాడుగే, కానీ ‘వేరే ఒప్పందం లేకుంటే’ అనే మెలిక ఉంది. అగ్రిమెంటులో అంకె చూసి సంతకం పెట్టమనండి.

కావలి ట్రంకురోడ్డు: కింద ఇల్లు మునిగిందో లేదో తెలిసేదెట్టా?

గూడూరు జంక్షన్: బయటి గోడమీద వరద చార వెతకండి. గడప, సంపు మూత రెండూ ఆ చారకంటే అడుగైనా ఎత్తుంటే కింద పోర్షనే తీసుకోండి, లేకుంటే పైకి పోండి. కొత్త రంగేసుంటే మీటరు బోర్డు చూడండి. పాత మేకుల కన్నాలు కింద, బోర్డు పైన ఉంటే ఇంటాయన్ని ఎందుకు మార్చావని అడగండి.