అప్‌డేట్: నాన్న ఒంటరితనం, బీపీ గురించి అడిగాను కదా
అమ్మ పోయాక నాన్న ఎవరితోనూ మాట్లాడట్లేదు, బీపీ దిగట్లేదు, నలుగురిలో తిరిగితే నిజంగా తేడా ఉంటుందా అని అడిగా కదా, రిప్లై ఇచ్చినవాళ్లందరికీ థాంక్స్.

ఒకరు చెప్పిన 2010 రీసెర్చ్ చూశా, 148 స్టడీలు, 3 లక్షల మందికి పైగా డేటా అంట, బంధాలు గట్టిగా ఉన్నవాళ్లు బతికుండే ఛాన్స్ దాదాపు 50% ఎక్కువని తేలింది. అలాగని మందులు మానేయమని కాదులెండి.

"బయటికెళ్లి నలుగురినీ కలవండి నాన్నా" అంటే అస్సలు కదల్లేదు, ఆయన రిటైర్డ్ లెక్కల మాస్టారు కాబట్టి పక్కింటి పిల్లలకి లెక్కలు చెప్పమని ఒకరు సలహా ఇచ్చారు చూడండి, అదే పనిచేసింది, పిల్లలొచ్చారు, తర్వాత వాళ్ల తాతయ్య పొద్దున్నే వాకింగ్‌కి పిలవడం మొదలుపెట్టారు, ఇప్పుడు ఈయన రాకపోతే ఫోన్ చేసి మరీ ఏమైంది, టాబ్లెట్ వేసుకున్నారా అని అడుగుతున్నారు. బీపీ బాగా దిగింది, డోసు మాత్రం మార్చలేదు. నాకైతే సగం క్రెడిట్ ఆ వాకింగ్‌దీ, టైమ్‌కి వేసుకునే మాత్రలదీ అనిపిస్తోంది, కానీ ఆ రెండూ చేయించింది మనుషులే కదా!

వాట్సాప్ గ్రూప్ ఐడియా మాత్రం వేస్ట్, అన్నీ గుడ్‌మార్నింగ్‌లే.

చెవి కాస్త తక్కువ వినిపిస్తోందని గుంపులో ఉన్నప్పుడు ఇంకా మొహమాటపడుతున్నారు, వచ్చే వారం వినికిడి టెస్ట్ చేయిస్తున్నా.