మ్యూజిక్ పత్రికలో ఫోటో మీద మేటర్ వేయొచ్చా? మన మొదటి సంచిక లేఅవుట్ గురించి

కోఠి_కుర్రోడు:
అందరికీ నమస్తే. మనం తెద్దామనుకుంటున్న తెలుగు పాప్ పాటల పత్రికకి డమ్మీ పేజీలు మొన్న పెట్టిన కదా, చూడనోళ్ళ కోసం మళ్ళీ చెప్తున్న. కవర్ మీద హిట్ పాటలో స్టెప్పేస్తున్న హీరో, కాగితం అంచుల దాకా ఫుల్ బ్లీడ్ ఫోటో, పైన టైటిల్, ఎడమ పక్క నాలుగు హెడ్డింగులు. లోపల సంగీత దర్శకుడి ఇంటర్వ్యూ, రికార్డింగ్ స్టూడియో ఫోటో రెండు పేజీలూ నింపేసి దాని మీదనే తెల్ల అక్షరాల్లో మేటర్. చదవలేకపోతున్నం, తీసేయ్ అంటున్నరు కొందరు. నేను తీయ. పాప్ పత్రిక అంటేనే ఫోటో. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత విదేశీ సంచికలు ఏరుకుంటనే నేను డిజైన్ నేర్చుకున్న. బ్రిటన్ పాప్ పత్రిక స్మాష్ హిట్స్ చూడుండ్రి, 1978లో నిక్ లోగన్ మొదలుపెట్టిండు, పాటల లిరిక్స్, పక్కన రంగుల ఫోటోలు, పిల్లలు కత్తిరించి గోడకి అంటించుకునేటట్టు. అదే మనిషి 1980లో ద ఫేస్ అనే పత్రిక పెట్టిండు, దాంట్ల డిజైనర్ నెవిల్ బ్రోడీ అక్షరాల్నే బొమ్మల లెక్క వాడిండు. మనం ఇంకా వారపత్రిక లెక్క తెల్ల కాగితం మీద మూడు కాలమ్‌లు పోసి కూసుందామా?

పాతకాపు_డీటీపీ:
బాబూ, ఇంగ్లీషు పత్రిక చూసి తెలుగు పేజీ కట్టకు. వాళ్ళ అక్షరం ఒక గీత మీద కూర్చుంటుంది, ఏ నాలుగైదో కిందకి కాస్త దిగుతాయి అంతే. మనకి పైన గుడి, ఏత్వం, కింద వత్తు, ఒక్కోసారి వత్తు కింద ఇంకో వత్తు. 11 పాయింట్ల మేటర్‌కి 16 లీడింగ్, అంటే లైనుకీ లైనుకీ మధ్య దూరం, ఇవ్వకపోతే పై లైను వత్తు కింది లైను గుడిని తన్నుతుంది, నువ్వు 13 ఇచ్చావు. సరే అది మార్చుకోవచ్చు. అసలు సమస్య రివర్స్, అంటే ముదురు రంగులోంచి తెల్ల అక్షరం తీయటం. నాలుగు రంగుల ఫోటో మీద తెల్ల అక్షరం అంటే అక్కడ సిరా పడదు, చుట్టూ నాలుగు రంగుల ప్లేట్లూ వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. రంగు మీద రంగు సరిగ్గా కూర్చోవటం, అదే రిజిస్ట్రేషన్, కొంచెం అవుటైనా అంచున ఎర్రగానో నీలంగానో కనపడి సన్నగీతలన్నీ పూడిపోతాయి. ముందు పోయేవి వత్తులు, ఆ తర్వాత ఒత్తక్షరాల కింద ఉండే చిన్న గీత. ధ కింద గీత పూడితే అది ద. భ పూడితే బ. పైగా మనం అనుకున్నది మాప్‌లితో కాగితం, నున్నటి ఆర్ట్ పేపర్ కాదు, అది సిరా పీలుస్తుంది, చుక్క ఇంకా లావవుతుంది. నీ స్క్రీన్ మీద బాగుందంటే ప్రెస్సులో బాగుంటుందని కాదు.

తబలా_తార్నాక:
నేను ఫోన్‌లోనే చదవలేకపోయాను. ప్రింట్ దాకా ఎందుకు.

బేస్_బోయిన్‌పల్లి:
పాతకాపు గారూ, చదవటమే అంతా కాదండి. అమెరికాలో రే గన్ అని మ్యూజిక్ పత్రిక ఉండేది, 1992లో మొదలైంది, డేవిడ్ కార్సన్ దానికి ఆర్ట్ డైరెక్టరు. బ్రయన్ ఫెర్రీ అనే సింగర్ ఇంటర్వ్యూ బోర్‌గా ఉందని మొత్తం మేటర్‌ని అక్షరాల బదులు డింగ్‌బ్యాట్ అనే బొమ్మ గుర్తుల్లో వేసేశాడు, ఒక్క ముక్క చదవలేరు. డిజైన్ చదివేవాళ్ళకి ఇవాళ్టికీ అదే చూపిస్తారు. పాట వింటే ఎలా ఉంటుందో పేజీ చూస్తే అలా ఉండాలి.

పాతకాపు_డీటీపీ:
ఆ ఇంటర్వ్యూకి తిరిగి, అడిగి, రాసినవాడి సంగతి ఎవరన్నా అడిగారా? పేజీ కట్టేవాడికి నచ్చలేదని రాసినవాడి పని మాయం చేసే హక్కు ఎవరిచ్చారు? నేనూ పేజీలు కట్టినవాణ్ణే, పేజ్‌మేకర్ సాఫ్ట్‌వేర్, అనూ ఫాంట్లతో ఒక సినిమా వారపత్రికకి రాత్రిళ్ళు కూర్చుని కట్టాను. ఫోటో బ్లోఅప్ పెద్దది కావాలంటే మేటర్ కొయ్యి అనేవారు. ఏ పేరా కొయ్యాలో చెప్పేవారు కాదు, తోకలోంచి కోసేయ్ అంతే. ఆర్టికల్ రాసినాయన మర్నాడు వచ్చి నా టేబుల్ దగ్గరే నిలబడి తిట్టేవాడు. అంతా చేస్తే చివరి పేజీలో సంపాదకుడి పేరు, ప్రచురణకర్త పేరు, ప్రెస్సు పేరు ఉండేవి, పేజీలు కట్టిన మా పేర్లు ఒక్కసారీ పడలేదు.

కోఠి_కుర్రోడు:
అన్నా మీ బాధ నాకు అర్థమైతది గానీ దానికీ రివర్స్‌కీ ఏం సంబంధం? పరిష్కారం ఉన్నది. మేటర్ కింద నల్ల పట్టీ వేద్దాం, ఒక్క నలుపు ప్లేట్‌లనే తెలుపు తీస్తే రిజిస్ట్రేషన్ లొల్లే లేదు. అక్షరం బోల్డ్ చేద్దాం, హెడ్డింగులకి రామభద్ర ఫాంటు, మేటర్‌కి మండలి.

పాతకాపు_డీటీపీ:
నల్ల పట్టీ వేస్తే ఫోటో కనపడదు కదయ్యా. ఫోటో కనపడాలనే కదా మేటర్ దాని మీద వేసింది. అలాంటప్పుడు ఎడమ పేజీ మొత్తం ఫోటో ఇచ్చి కుడి పేజీలో నల్ల మేటర్ వేసుకో, ఇద్దరికీ న్యాయం జరుగుతుంది. ఇంకోటి, నువ్వు మూడు కాలమ్‌లు చేసి రెండంచులూ సమం చేశావు. "రికార్డ్‌చేయించుకోవాలనుకుంటున్నప్పుడు" లాంటి మాట వస్తే సన్న కాలమ్‌లో లైనంతా అదే, దాని పై లైనులో రెండు మాటల మధ్య బస్సు వెళ్ళేంత సందు. తెలుగుకి రెండు కాలమ్‌లు పెట్టు, లేదా కుడి అంచు వదిలెయ్యి.

కోఠి_కుర్రోడు:
కాలమ్‌లు రెండు చేస్తా. ఫోటో మాత్రం రెండు పేజీలూ ఉండాలె. ఈ ఒక్కటి వదలను.

వయొలిన్_వారాసిగూడ:
నిన్నట్నుంచి చూస్తున్నాను, నలుపా తెలుపా అని కొట్టుకుంటున్నారు. ఆ ఇంటర్వ్యూ రెండు పేజీల స్ప్రెడ్‌లో కుడి పేజీ అడుగున, స్టూడియో నేల మీద, 7 పాయింట్లలో ఏదో రివర్స్ ఉంది, అది ఏంటో ఎవరన్నా చదివారా? నేను జూమ్ చేసి చదివాను. ఆ పాటలకి వాయించిన వాళ్ళ పేర్లు.

కోఠి_కుర్రోడు:
అక్కా అది క్రెడిట్ బాక్స్. ఎక్కడైనా చిన్నగనే ఉంటది.

వయొలిన్_వారాసిగూడ:
ఎక్కడైనా అంటే ఎక్కడ? సినిమా హాళ్ళ దగ్గర అమ్మే పాటల పుస్తకాలు చూశావా నువ్వు? నాసిరకం కాగితం, సగం కథ చెప్పి మిగతాది వెండితెర మీద చూడమనేవాళ్ళు, అలాంటి పుస్తకంలో కూడా పాట మొదట్లోనే రచన ఎవరు, పాడింది ఎవరు అని ఉండేది, పాట అక్షరాల సైజులోనే. మాలాంటి వాయించేవాళ్ళ పేర్లు అందులో కూడా లేవు, అది వేరే సంగతి. ఒక పత్రిక వాళ్ళు మా స్ట్రింగ్ సెక్షన్ అంతటినీ రికార్డింగ్‌లో ఫోటో తీశారు, సంతోషంగా అమ్మకి చెప్పాను, తీరా పత్రిక వస్తే సంగీత దర్శకుడు మొహం పెద్దది కావాలని మమ్మల్ని అంచులో కోసేశారు, నా చెయ్యి, విల్లు మిగిలాయి, మొహం లేదు. మిగిలిన ఇద్దరూ సరిగ్గా రెండు పేజీలు కలిసే మడతలో, సెంటర్ పిన్ను దగ్గర పడ్డారు. కింద క్యాప్షన్‌లో ఒకే ఒక్క పేరు. ఇప్పుడు మన పత్రిక, మనం మనం కలిసి పెట్టుకుంటున్నది, అందులో కూడా ముందు పూడిపోయే అక్షరాలు మావేనా?

తబలా_తార్నాక:
అక్క చెప్పింది నిజం. నా పేరు కూడా ఆ బాక్సులోనే ఉందంట, నాకు కనపడనే లేదు.

కోఠి_కుర్రోడు:
సరే క్రెడిట్లు పెద్దగ చేస్తా, బయటికి తెస్తా, ఇంక అయిపోయిందా?

వయొలిన్_వారాసిగూడ:
అయిపోలేదు. కవర్ మీద హీరో ఎందుకు? ఆ పాట ఆయన పాడలేదు, రాయలేదు, బాణీ కట్టలేదు. స్మాష్ హిట్స్ అంటావు, ద ఫేస్ అంటావు, వాటి కవర్ మీద ఎక్కువగా పాట పాడినవాళ్ళే ఉండేవాళ్ళు. వాళ్ళ దగ్గర్నుంచి ఫుల్ బ్లీడ్ తెచ్చుకున్నావు, ఎడమ పక్క హెడ్డింగులు తెచ్చుకున్నావు, ఎవరి మొహం వేయాలో మాత్రం ఇక్కడి సినిమా పత్రికల దగ్గర తెచ్చుకున్నావు.

కోఠి_కుర్రోడు:
అక్కా, స్టాల్ దగ్గర నిలబడి చూడు. తాడుకి క్లిప్పులు పెట్టి ఒకదాని మీద ఒకటి వేలాడేస్తడు, మన పత్రికది టైటిల్, ఎడమ అంచు, సగం మొహం కనపడితే గొప్ప. అందుకే హెడ్డింగులు ఎడమకి పెట్టేది, లండన్ షాపుల్ల కూడా అదే లెక్క. ఆ సగం మొహం ఎవరిదో తెల్వకపోతే ఎవడు ఆగుతడు? అమెరికా మ్యూజిక్ పత్రిక రోలింగ్ స్టోన్ మొదటి సంచిక 1967 నవంబర్‌ల వచ్చింది, కవర్ మీద బీటిల్స్ సింగర్ జాన్ లెనన్. ఆ ఫోటో ఏందో తెల్సా? సినిమా స్టిల్! సైనికుడి వేషంల ఉన్నడు. వాళ్ళే సినిమా స్టిల్ వేస్తే మనం వేయొద్దా?

బేస్_బోయిన్‌పల్లి:
సినిమా స్టిల్ అయినా అందులో ఉన్నది లెనన్ కదా బ్రో. పాట ఆయనదే.

కోఠి_కుర్రోడు:
నువ్వు నా సైడ్ అనుకున్న.

బేస్_బోయిన్‌పల్లి:
ఫోటో మీద మేటర్ వేయటంలో నీ సైడే. ఇందులో కాదు.

వయొలిన్_వారాసిగూడ:
మనవాళ్ళ మొహాలు జనానికి తెలియవు అంటావు. బాలు గారు 1996లో టీవీలో పాడుతా తీయగా మొదలుపెట్టాక పిల్లల దగ్గర్నుంచి ముసలాళ్ళ దాకా పాట పోటీ కోసం కూర్చుని చూశారు, అక్కడ హీరో లేడు, మైకు ముందు నిలబడి పాడే పిల్లలున్నారు. 2023లో ఆస్కార్ స్టేజీ మీద తెలుగు పాటకి అవార్డు అందుకున్నది కీరవాణి గారు, చంద్రబోస్ గారు. అదే స్టేజీ మీద పాడింది రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ. రాహుల్ మన హైదరాబాద్ పిల్లాడు. ప్రపంచమంతా బాణీ కట్టినవాళ్ళకి, రాసినవాళ్ళకి చప్పట్లు కొడితే హైదరాబాద్‌లో పెట్టే పాటల పత్రిక హీరోని వేస్తుందా? జనానికి మొహాలు తెలియవు అంటే మనం చూపించట్లేదు కాబట్టే తెలియవు. చూపించడానికే కదా పత్రిక.

కోఠి_కుర్రోడు:
అక్కా మాటలు బాగనే ఉన్నయి, ప్రెస్సు బిల్లు ఎవరు కడతరు? ఈ సంచికకి డబ్బులు పెడుతున్నది నేను, మా అన్నతోని గొడవపడి తెచ్చిన. అమ్ముడుపోకపోతే రెండో సంచికనే ఉండదు, అప్పుడు మీ పేర్లు 11 పాయింట్లల ఉన్నా 50 పాయింట్లల ఉన్నా ఒకటే. బ్రిటన్‌ల ఎన్ఎంఈ అంత పెద్ద మ్యూజిక్ పత్రిక, 1952లో పాటల చార్టు మొదలుపెట్టినోళ్ళు, 2015ల ఫ్రీగ పంచుడు షురూ చేసి 2018ల వారం వారం ప్రింట్ బంద్ చేసిండ్రు. నాకు భయం ఉండదా?

పాతకాపు_డీటీపీ:
డబ్బు సంగతి ముందే చెప్పుంటే ఇంత దూరం వచ్చేది కాదు బాబూ. నీ భయం నిజమే. కానీ హీరో మొహం ఫ్రీగా ఫోన్‌లో రోజంతా కనిపిస్తుంది, దానికోసం డబ్బిచ్చి ఎవరు కొంటారు? సితార, జ్యోతిచిత్ర, శివరంజని నడిచిన రోజుల్లో రంగుల బొమ్మ దొరకాలంటే పత్రికే దిక్కు. ఇప్పుడు అది పత్రిక ఇచ్చేది కాదు. ఆ కోరస్‌లో ఎవరున్నారు, ఆ వయొలిన్ ఎవరిది, ఆ చరణం ఎలా మారింది, ఇవి ఎక్కడా దొరకవు. నీకు అమ్మకానికి ఉన్న సరుకు అదే. నేను ఆ క్రెడిట్ల పేజీ ఉచితంగా కట్టి ఇస్తాను, కుడి పేజీ, తెల్ల కాగితం మీద నల్ల అక్షరం, పాట పేరు బోల్డు, కింద రచన, బాణీ, గానం, ఆ తర్వాత వాయించినవాళ్ళు ఒక్కొక్కరూ, అందరివీ ఒకటే సైజు.

వయొలిన్_వారాసిగూడ:
ఆ పేజీకి థాంక్సండీ. కవర్ విషయంలో నా మాట మారదు. హీరో ఉంటే స్ట్రింగ్ రికార్డింగ్ మీద నేను రాసిన వ్యాసం ఈ సంచికలో వద్దు.

కోఠి_కుర్రోడు:
అది తీసేస్తే నాలుగు పేజీలు ఖాళీ అయితయి, 32 పేజీల లెక్క మొత్తం తప్పుతది, బెదిరిస్తున్నవా అక్కా?

వయొలిన్_వారాసిగూడ:
బెదిరింపు కాదు తమ్ముడూ. నన్ను కోసేసిన పత్రికలో రాయలేదు, ఇందులో రాద్దామనుకున్నాను. అంతే.

కోఠి_కుర్రోడు:
శనివారం దాకా టైమియ్యి. ఆ పాట పాడిన అమ్మాయిని అడుగుతా, సికింద్రాబాద్‌లనే ఉంటదంట. కవర్‌కి పనికొచ్చే ఫోటో దొరకాలె, వాట్సాప్ ఫోటో పంపితే నేను చేసేది ఏం లేదు, 300 డీపీఐ ఉండాలె. దొరక్కపోతే హీరోనే.

బేస్_బోయిన్‌పల్లి:
నా దగ్గర కెమెరా ఉంది. వాట్సాప్ ఫోటో ఎందుకు, నేనొచ్చి తీస్తా.

పాతకాపు_డీటీపీ:
తీసేటప్పుడు తల పైన బాగా ఖాళీ వదులు, టైటిల్ అక్కడ కూర్చోవాలి. మనిషి కుడి వైపు ఉండాలి, చూపు మాత్రం కెమెరాలోకి. వెనకాల గోడ ఒకే రంగు ఉంటే ఎడమ హెడ్డింగులు పట్టీ లేకుండానే చదవొచ్చు. అవి కూడా నల్లగానే వెయ్యండి.

కోఠి_కుర్రోడు:
హెడ్డింగులు తెల్లగనే వేస్తా. 40 పాయింట్ల రామభద్ర పూడదు అన్నా.