పాత వ్యవసాయ శాఖ కరపత్రాలు: ఇప్పుడు ఏవి పాటించవచ్చు, ఏవి వదిలేయాలి?

బొబ్బిలి రైతు:

అందరికీ నమస్కారం. మాది బొబ్బిలి దగ్గర పల్లె. పాత పెంకుటిల్లు విప్పుతున్నప్పుడు అటక మీది ట్రంకు పెట్టెలో మా తాతగారు దాచుకున్న వ్యవసాయ శాఖ కరపత్రాలు, కొన్ని చిన్న పుస్తకాలు దొరికాయి. చాలావాటికి అట్టలు లేవు, అచ్చయిన సంవత్సరం కనిపించడం లేదు. విత్తనాలను ఉప్పునీటిలో వేసి తేలిన గింజలు తీసెయ్యమని, గత్తాన్ని (పశువుల ఎరువును) ఆరుబయట కుప్ప పోయకుండా గుంతలో వెయ్యమని, ఉభాలు (వరి నాట్లు) వరుసల్లో వెయ్యమని వాటిలో ఉంది. ఇంటి విషయాలకు వస్తే, పొగ రాని పొయ్యి కట్టుకోమని, అన్నం గంజి వార్చవద్దని, పురుగు పట్టకుండా గాదెలో గమాక్సిన్ పొడి చల్లమని కూడా ఉంది.

నాకు కొద్దిగా పల్లం, కొద్దిగా మెట్ట ఉన్నాయి. ఈ ఏడాది ఇంటి విత్తనంతోనే వేద్దామనుకుంటున్నాను కనుక ఈ కాగితాలు ఎంతవరకు పనికివస్తాయో తెలుసుకోవాలని ఉంది. ఇవి ఏ కాలానివో గుర్తుపట్టే దారి ఏమైనా ఉందా? వీటిలో నేటికీ నిలిచేవి ఏవి? మా నాన్నగారిని అడిగితే, అవన్నీ గ్రామసేవకులు లెక్క చూపించుకోవడానికి పంచిన కాగితాలని, ఊళ్ళో ఎవరూ పాటించలేదని అంటున్నారు. ఎందుకు పాటించలేదో తెలిసినవారు ఉంటే అది కూడా చెప్పగలరు.

విశ్రాంత విస్తరణాధికారి, శ్రీకాకుళం:

ముందుగా ప్రమాదకరమైన విషయం చెప్పి, తరవాత మిగిలినవాటికి వస్తాను. గమాక్సిన్ అని మన పల్లెల్లో పిలిచిన బి.హెచ్.సి. పొడిని ప్రభుత్వం 1997 ఏప్రిల్ 1 నుంచి పూర్తిగా నిషేధించింది. డి.డి.టి.ని వ్యవసాయంలో వాడకుండా 1989లోనే ఆపివేశారు. ఈ రెండూ మట్టిలోనూ, పాలలోనూ, మనిషి కొవ్వులోనూ ఏళ్ళ తరబడి నిలిచిపోయే మందులు. మీ కరపత్రంలో వాటి పేరు ఎక్కడ కనిపించినా ఆ పేరాను చరిత్రగా చదువుకోండి తప్ప, అదే పనికి ఇప్పుడు వేరే మందు ఏది అని వెతకవద్దు. ఎందుకంటే అంగట్లో ఎవరో ఒకరు అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు చేతిలో పెడతారు. వాటి నుంచి వచ్చే వాయువు ధాన్యం ఉన్న గదిలోనే ఆగదు, పక్క గదిలో పడుకున్నవారి ప్రాణాలు తీస్తుంది. నివసించే ఇంట్లో వాటిని పెట్టనే కూడదు. గింజను పంటి కింద వేస్తే కటుక్కున విరిగేంతగా ఎండబెట్టడం, గాదెను పాత ధాన్యం మిగలకుండా ఊడ్చి ఎండనివ్వడం, అడుగున గాలి ఆడేలా దిమ్మ కట్టడం, ఇవి కూడా ఆ కాగితాల్లోనే ఉండి ఉంటాయి, చూడండి. పురుగు సమస్యలో ఎక్కువ భాగం వీటితోనే తీరుతుంది.

ఇక ఉప్పునీటి పరీక్ష. ఇంటి విత్తనం వాడేవారికి ఇంతకంటే చవకైన పని నాకు తెలిసి మరొకటి లేదు. బకెట్టు నీటిలో తాజా కోడిగుడ్డు వేస్తే అడుగుకు మునుగుతుంది. ఉప్పు కొద్దికొద్దిగా కలుపుతూ పోతే గుడ్డు పైకి లేచి, రూపాయి బిళ్ళంత మేర నీటిపైన కనిపిస్తుంది. అప్పుడు గుడ్డు తీసి విత్తనం పొయ్యాలి. తేలినవి తాలు, సగం పాలు పోసుకున్నవి, తెగులు సోకినవి. మునిగినవే బరువైన గింజలు. ఇక్కడ చాలామంది పట్టించుకోని సంగతి ఏమిటంటే, నిల్వ ఉన్న గుడ్డు ఉప్పు లేకుండానే తేలుతుంది. దాన్ని నమ్మి ఉప్పు తక్కువ వేస్తే సగం తాలు కూడా మునిగి మంచి విత్తనంలో కలిసిపోతుంది. గింజలు తీసిన వెంటనే మంచినీటితో రెండు మూడు సార్లు కడగాలి, లేకపోతే మొలక దెబ్బతింటుంది. మిగిలిన ఉప్పునీటిని ఆకుమడి గట్టున పారబోయకండి. ధ్రువీకరించిన సంచి విత్తనం కొన్నవారికి ఈ శ్రమ అంతగా అవసరం లేదు.

గత్తం విషయంలో ఆ కరపత్రం చెప్పింది అక్షరాలా నిజం. ఎండకు, వానకు వదిలేసిన కుప్పలో నత్రజని కొంత గాలిలో, కొంత నీటిలో పోతుంది. పేడ గురించి ఆలోచించేవారు కూడా పశువుల మూత్రాన్ని మరిచిపోతారు. పశువు వదిలే నత్రజనిలో పెద్ద వాటా అందులోనే ఉంటుంది, అది శాల కాలువలో కొట్టుకుపోతుంది. శాలలో పశువుల కింద పొడి మట్టి, పాత గడ్డి పరిచి, తడిసిన దాన్ని తీసి గుంతలో వెయ్యమని పాత మద్రాసు శాఖ వారు కూడా చెప్పేవారు. పొలానికి తోలిన గత్తాన్ని చిన్నచిన్న కుప్పలుగా వారాల తరబడి ఎండబెట్టకుండా, చల్లిన రోజే దున్ని కలిపేస్తే మిగిలిన సారమైనా భూమికి దక్కుతుంది.

వరుస ఉభాల సంగతి, అంటే 1953లో దేశమంతా ప్రచారం చేసిన జపాను పద్ధతి, ఎందుకు నిలవలేదో మీ నాన్నగారి మాటలోనే కొంత ఉంది. ఎత్తు మడి నారు, తక్కువ విత్తనం, కుదురుకు రెండు మూడు మొక్కలే, వరుసల మధ్య తిప్పుడు కలుపు యంత్రం, బాగా ఎరువు: ఇదీ దాని సారం. నీరు మన చేతిలో ఉన్నచోట అది బాగా పండింది. చెరువు నిండితేనే ఉభాలు, లేకపోతే ఎదలు (విత్తనం వెదజల్లడం) అనుకునే మన ప్రాంతంలో, వాన పడిన నాలుగు రోజుల్లో ఊరంతా ఒకేసారి కూలీల కోసం ఎగబడుతున్నప్పుడు, తాడు పట్టి వరుసలు వెయ్యండని ఉడుపు కూలీలకు చెప్పగలిగేవారు ఎందరు? అమ్మోనియం సల్ఫేటుకు అప్పు పుట్టాలి, కలుపు యంత్రం దొరకాలి. సలహాలో తప్పు లేదు, దానికి కావలసిన నీరు, అప్పు, మనుషులు మాత్రం కాగితంతో పాటు రాలేదు. 1960-61లో మొదలైన సాంద్ర వ్యవసాయ జిల్లాల పథకంలో ఇవన్నీ కలిపి ఇచ్చారు గాని, మన రాష్ట్రంలో దానికి ఎంచుకున్నది పశ్చిమ గోదావరి. 2003లో శ్రీ పద్ధతి వరి సాగు (శ్రీవరి) వచ్చినప్పుడు లేత నారు, దూరదూరంగా నాటడం, కలుపును యంత్రంతో మట్టిలో కలపడం చూసి మా తరం వారికి ఆ జపాను పద్ధతే గుర్తుకొచ్చింది.

చరిత్ర మాస్టారు, పార్వతీపురం:

కాలం గుర్తుపట్టడం అంత కష్టం కాదు. ముందు ప్రభుత్వం పేరు చూడండి. మద్రాసు ప్రభుత్వం అని ఉంటే 1953 అక్టోబరు 1కి ముందుది. ఆంధ్ర రాష్ట్రం అని ఉంటే అప్పటి నుంచి 1956 అక్టోబరు చివరి వరకు అచ్చయినది, ఆంధ్రప్రదేశ్ అని ఉంటే ఆ తరవాతిది. జిల్లా పేరు కూడా ఉపయోగపడుతుంది. శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15న ఏర్పడింది, విజయనగరం జిల్లా 1979 జూన్ 1న వచ్చింది. ధర అణాల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కావచ్చు, నయా పైసల్లో ఉంటే ఆ తరవాతిది. ఎరువు మోతాదు వీశెలు, మణుగుల్లో ఉందా, కిలోల్లో ఉందా చూడండి, మెట్రిక్ తూకాలు 1958 అక్టోబరు నుంచి విడతలుగా అమలయ్యాయి. సింధ్రి ఎరువుల కర్మాగారం మాట ఉంటే 1951 తరవాతిది, ఐ.ఆర్.8 వరి మాట ఉంటే 1966కు ముందుది కానే కాదు. అట్ట లేని పుస్తకానికైనా ఈ గుర్తుల్లో ఒకటి రెండు తప్పక దొరుకుతాయి.

ఇలా చిన్న పుస్తకాలతో రైతుకు పాఠం చెప్పే అలవాటు మనదొక్కటే కాదు. అమెరికా వ్యవసాయ శాఖ 1889లోనే రైతుల కోసం చిన్న పుస్తకాల వరుస మొదలుపెట్టింది. అలబామాలోని టస్కెగీ సంస్థ నుంచి జార్జ్ వాషింగ్టన్ కార్వర్ 1916లో వేరుశనగ సాగు మీద వేసిన పుస్తకంలో సగానికి పైగా వంటలే, 105 రకాల తయారీలు ఉన్నాయి. పొలాన్నీ వంటింటినీ ఒకే పుస్తకంలో పెట్టడం అక్కడి రివాజు. 1914 నాటి చట్టంతో ఊరూరా తిరిగే సలహాదారుల వ్యవస్థ కూడా అక్కడ స్థిరపడింది. మనకు 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం, మరుసటి ఏడాది అదే రోజున జాతీయ విస్తరణ సేవ వచ్చాయి. గ్రామసేవకుల శిక్షణకు ఫోర్డ్ ఫౌండేషన్ సాయం చేసింది. మీ పెట్టెలో గత్తం గుంత పక్కనే పొయ్యి కనబడటానికి కారణం ఇదే.

ఒక్క మాట అదనంగా చెబుతాను. 1889లో బ్రిటిష్ ప్రభుత్వం భారత వ్యవసాయాన్ని బాగుచేసే దారులు చెప్పమని వోల్కర్ అనే రసాయన శాస్త్రవేత్తను పంపింది. ఆయన దేశమంతా తిరిగి 1893లో ఇచ్చిన నివేదికలో, ఇక్కడి మంచి రైతు సగటు ఇంగ్లండు రైతుకు ఏమాత్రం తీసిపోడని, కొన్ని విషయాల్లో మిన్న అని ఒప్పుకున్నాడు. పేడను పిడకలు చేసి కాలుస్తున్నారంటే అది తెలివితక్కువతనం కాదని, కట్టెలు దొరకకపోవడమే కారణమని, కాబట్టి ముందు వంటచెరకు తోటలు పెంచమని సూచించాడు. తరవాత కరపత్రాలు రాసినవారిలో ఎందరు ఇంత ఓపికగా కారణం వెతికారో నాకు అనుమానమే.

గృహవిజ్ఞానం టీచర్, ఆమదాలవలస:

మాస్టారు గారు చెప్పిన కారణం వెతకడమే పొయ్యి విషయంలో లోపించింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనశాలలో ఎస్.పి. రాజు గారు 1950లలో రూపొందించిన పొగ రాని పొయ్యి నిజంగా మంచి ఆలోచన. ఒకే మంట మీద వరుసగా గిన్నెలు ఉడుకుతాయి, పొగ గొట్టం గుండా బయటకు పోతుంది. అయితే మన తాటాకు ఇళ్ళలో ఆ పొగకు వేరే పని కూడా ఉంది. అది కప్పులో పురుగు చేరకుండా చూసేది, దూలానికి కట్టిన మొక్కజొన్న పొత్తులకు, విత్తనపు చోళ్ళ (రాగుల) మూటకు కాపలా కాసేది. పొగ బయటకు పంపిన ఇంట్లో రెండేళ్ళకే తాటాకు చెదిరిపోతుంటే, ఇల్లాలు గొట్టంలో గుడ్డ కుక్కడంలో ఆశ్చర్యం లేదు. పైగా గొట్టంలో పేరుకున్న మసి తియ్యాలని ఎవరూ చెప్పలేదు, మసి నిండితే పొగ మళ్ళీ వంటింట్లోకే వస్తుంది. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం పెట్టినప్పుడు కూడా ఈ ఇబ్బందులే ఎదురయ్యాయి. ఇప్పుడు మీకు పెంకు లేదా స్లాబు ఇల్లు, గ్యాసు ఉన్నాయి కనుక ఆ కాగితం అవసరం తీరిపోయింది. పెరట్లో నీళ్ళు కాచుకునే కట్టెల పొయ్యికి మాత్రం గొట్టం పెట్టుకుంటే మంచిదే.

గంజి వార్చవద్దన్న కాగితాన్ని మాత్రం జాగ్రత్తగా దాచండి. అది ముఖ్యంగా మన ప్రాంతాన్ని చూసి చెప్పిన సలహా. దేశంలో బెరిబెరి వ్యాధి ఎక్కువగా కనిపించినది ఉత్తర సర్కారు జిల్లాల్లోనే. కాళ్ళు తిమ్మిరెక్కడం, వాపు రావడం, గుండె బలహీనపడటం దాని లక్షణాలు. కూనూరులోని పోషకాహార పరిశోధనశాలలో మెక్‌కారిసన్, ఆయన తరవాత వచ్చిన ఎక్రాయిడ్ దీని కారణాలు పరిశీలించారు. మరపట్టిన పచ్చి బియ్యం తినేచోట జబ్బు ఉంది, ఉప్పుడు బియ్యం తినేచోట దాదాపు లేదు. ధాన్యాన్ని ఉడకబెట్టినప్పుడు పైపొరలోని బి1 విటమిను గింజ లోపలికి దిగుతుంది, ఆ తరవాత మరపట్టినా చాలావరకు మిగులుతుంది. పచ్చి బియ్యానికి మరలో తవుడుతో పాటు అది పోతుంది, మిగిలిన కాస్తా నాలుగుసార్లు కడిగిన నీటితో, వార్చిన గంజితో పోతుంది. ఆ పరిశోధనశాలే తరవాత హైదరాబాదుకు తరలి జాతీయ పోషకాహార సంస్థ అయింది.

మన పెద్దవాళ్ళు గంజిని పారబోసేవారు కాదు, తాగేవారు, తరవాణి పోసుకునేవారు. జబ్బు తెచ్చింది గంజి వార్చడం ఒక్కటే కాదు, మర వచ్చాక కూడా అన్నం తప్ప వేరేది కొనలేని పేదరికం. ఇప్పుడు పప్పు, కూర తింటున్నాం కనుక బెరిబెరి భయం లేదు గాని, బియ్యం ఒకటి రెండు సార్లే కడిగి అత్తెసరు (గంజి వార్చకుండా నీరు ఇగిరేలా) పెట్టుకోవడం వల్ల పోయేదేమీ లేదు. దంపుడు బియ్యం వాడేటట్లయితే ఒకేసారి బస్తా పట్టించవద్దు, తవుడులోని నూనె వల్ల కొద్ది వారాల్లోనే మక్కు వాసన వస్తుంది.

బొబ్బిలి రైతు:

అందరికీ కృతజ్ఞతలు. మాస్టారు గారు చెప్పినట్లు చూస్తే రెండు పుస్తకాల మీద మద్రాసు ప్రభుత్వం పేరు ఉంది, గమాక్సిన్ కాగితంలో మోతాదు కిలోల్లో ఉంది. విస్తరణాధికారి గారూ, మరో రెండు సందేహాలు. ఉప్పునీటి పరీక్ష చోళ్ళకు, గంటెలకు (సజ్జలకు) కూడా పనికివస్తుందా? గత్తం గుంత మూడు అడుగుల లోతు తవ్వమని ఉంది, మాకు శ్రావణ భాద్రపదాల్లో ఆ గుంతలో నీరు నిలిచిపోతుంది, ఏం చెయ్యమంటారు?

విశ్రాంత విస్తరణాధికారి, శ్రీకాకుళం:

గంటెలకు తప్పక చెయ్యండి, తేనెబంక తెగులు సోకిన నల్లని గడ్డలు ఉప్పునీటిలో తేలిపోతాయి. ఆ గడ్డలు విషపూరితం, వాటిని పశువులకు కూడా వెయ్యకుండా పాతిపెట్టాలి. చోళ్ళ గింజ మరీ చిన్నది, ముందు చాటతో చెరిగి, మామూలు నీటిలో వేసి తేలిన పొట్టు తీసేస్తే చాలు. విత్తనశుద్ధి గురించి విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానంలో చిరుధాన్యాల మీద పనిచేసేవారిని అడగవచ్చు.

గుంత సంగతి మీరు సరిగ్గానే పట్టుకున్నారు. 1924, 1931 మధ్య ఇండోర్‌లో ఆల్బర్ట్ హోవార్డ్ కంపోస్టు పద్ధతిని రూపొందించినప్పుడే, గుంత ఎండాకాలానికి, వానాకాలంలో నేల మీద కుప్ప అని విడదీశాడు. గుంతలో నీరు నిలిస్తే గాలి ఆడదు, చెత్త కుళ్ళి కంపుకొడుతుంది గాని గత్తం కాదు. కరపత్రాల్లోకి వచ్చేసరికి గుంత ఒక్కటే మిగిలింది. కాబట్టి జ్యేష్ఠం వరకు గుంత వాడుకోండి. వానలు మొదలయ్యాక శాల పక్కన కొంచెం ఎత్తైన చోట, మోకాలెత్తు కంటే కాస్త పైదాకా కుప్ప వేసి, చుట్టూ చిన్న కాలువ తీసి, పైన తాటాకు కప్పండి. నెలకొకసారి తిరగవేస్తే మూడు నెలల్లో వాడుకోవచ్చు. తిరగవేసే మనుషులు లేకపోతే పేడ, మట్టి కలిపి పైన మెత్తి వదిలెయ్యండి, ఆరేడు నెలలు పడుతుంది. అది బెంగుళూరు పద్ధతి. మీ పెట్టెలో దాని కాగితం కూడా ఉండవచ్చు, ఉంటే ఫొటో పెట్టండి.