గెటిస్‌బర్గ్ తరువాత కూడా అమెరికా అంతర్యుద్ధం 21 నెలలు ఎందుకు సాగింది?

ప్రశ్న: బ్రాడీపేట విద్యార్థి, గుంటూరు

అందరికీ నమస్కారం. నేను ఎం.ఏ. చరిత్ర చదువుతూ, అమెరికా అంతర్యుద్ధంపై సెమినారు పత్రం రాస్తున్నాను. నేను చూసిన పాఠ్యపుస్తకాలన్నీ 1863 జులై 1 నుంచి 3 వరకు పెన్సిల్వేనియాలో జరిగిన గెటిస్‌బర్గ్ పోరాటాన్ని యుద్ధానికి మలుపుగా వర్ణించి, ఆ వెంటనే 1865 ఏప్రిల్ 9న అపొమాటాక్స్‌లో దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయిన ఘట్టానికి వెళ్లిపోతున్నాయి. మధ్యలో గడిచిన 21 నెలల మాట ఎవరూ ఎత్తడం లేదు. అంత పెద్ద ఓటమి తరువాత, దేశం నుంచి విడిపోయిన దక్షిణాది అంతకాలం ఎలా నిలబడగలిగింది? అసలు ఏ పోరాటాన్ని మలుపుగా పరిగణించాలి? పెద్దలు వివరించగలరు.

సమాధానం: సత్యనారాయణపురం, విజయవాడ (విశ్రాంత అధ్యాపకుడు)

గెటిస్‌బర్గ్‌లో లీ ఓడిపోయాడు గాని, అతని సైన్యం నశించలేదు. మూడవ రోజు మధ్యాహ్నం పికెట్ తదితరుల నాయకత్వంలో సుమారు 12,500 మంది దక్షిణాది సైనికులు ఏ చాటూ లేని పొలాల మీదుగా ఫిరంగులకు ఎదురు నడిచారు. వారిలో దాదాపు సగం మంది చనిపోవడమో, గాయపడడమో, పట్టుబడడమో జరిగింది. అయినా మిగిలిన సైన్యంతో లీ పొటోమాక్ నది దాటి వర్జీనియా చేరుకున్నాడు. ఉత్తరాది సేనాని మీడ్ అతనిని తరిమి పట్టుకోలేకపోయినందుకు లింకన్ ఎంతో నొచ్చుకున్నాడు.

నా దృష్టిలో అసలు దెబ్బ ఆ మరునాడే, జులై 4న, మిసిసిపీ నది ఒడ్డున విక్స్‌బర్గ్‌లో పడింది. ఆ ఊరు నది మెలిక తిరిగే చోట ఎత్తైన గట్టు మీద ఉంటుంది. ఇంద్రకీలాద్రి మీద ఫిరంగులు బారులు తీర్చి నిలిపితే కృష్ణలో పడవ కదలడం ఎంత కష్టమో ఊహించుకోండి. విక్స్‌బర్గ్ దక్షిణాదివారి చేతిలో ఉన్నంత కాలం మిసిసిపీలో ఉత్తరాది పడవల పరిస్థితి అదే. శీతకాలమంతా ఉత్తరాది సేనాని గ్రాంట్ చేసిన ప్రయత్నాలు, కాలువలు తవ్వించడంతో సహా, ఫలించలేదు. చివరికి ఏప్రిల్‌లో యుద్ధనౌకలను రాత్రివేళ ఆ ఫిరంగుల కిందుగానే దిగువకు పంపించి, సైన్యాన్ని పడమటి గట్టున నడిపించి, ఊరికి దక్షిణంగా నది దాటించాడు. అక్కడి నుంచి నేరుగా విక్స్‌బర్గ్ మీదికి రాకుండా, ముందు తూర్పుగా వెళ్లి రాష్ట్ర రాజధాని జాక్సన్‌ను పట్టుకుని, సహాయం వచ్చే దారిని తెంచి, ఆ తరువాతే వెనుదిరిగి విక్స్‌బర్గ్‌ను ముట్టడించాడు. యుద్ధం మొత్తంలో ఇంతకంటే తెలివైన దండయాత్ర మరొకటి లేదని నేను అనుకుంటాను. 47 రోజుల ముట్టడిలో ఊరివారు గట్టులో గుహలు తవ్వుకుని తలదాచుకున్నారు. చివరికి అక్కడి దక్షిణాది సేనాని పెంబర్టన్ సుమారు 29,000 మందితో లొంగిపోయాడు. జులై 9న పోర్ట్ హడ్సన్ కూడా పడిపోవడంతో టెక్సాస్, ఆర్కన్సాస్, లూసియానాలు మిగిలిన దక్షిణాది నుంచి తెగిపోయాయి.

సమాధానం: గవర్నర్‌పేట, విజయవాడ

మాస్టారు చెప్పిన సైనిక విశ్లేషణతో నాకు పేచీ లేదు. అయితే యుద్ధ లక్ష్యమే మారిన ఘట్టాన్ని వదిలిపెట్టి మలుపును గురించి మాట్లాడలేము. 1862 సెప్టెంబరు 17న మేరీలాండ్‌లో జరిగిన ఆంటీటమ్ పోరాటంలో ఒక్క రోజులోనే ఇరుపక్షాలకు కలిపి దాదాపు 23,000 మంది చనిపోవడమో, గాయపడడమో, కనిపించకుండా పోవడమో జరిగింది. అంతకు నాలుగు రోజుల ముందు, మూడు చుట్టలకు చుట్టి పారేసుకున్న లీ ఆజ్ఞాపత్రం ఉత్తరాది సైనికులకు దొరికింది. శత్రువు సైన్యాన్ని ఎలా విభజించాడో అందులో స్పష్టంగా ఉన్నా ఉత్తరాది సేనాని మెక్లెల్లన్ తాత్సారం చేశాడు. (ఇటువంటి అవకాశం చేతికి వచ్చినా వృథా చేయగల సేనాని మరొకరు ఉండరేమో!) పోరాటం ఎటూ తేలకుండానే ముగిసినా లీ వెనుదిరగడంతో దానిని విజయంగా చూపించి, లింకన్ సెప్టెంబరు 22న బానిసల విముక్తికి సంబంధించిన తొలి ప్రకటన వెలువరించాడు; అది 1863 జనవరి 1న అమలులోకి వచ్చింది. తన సామ్రాజ్యంలో బానిసత్వాన్ని 1833 చట్టంతో రద్దు చేసిన బ్రిటన్‌కు, ఆ తరువాత దక్షిణాదిని గుర్తించడం ఎంతో కష్టమైంది. యుద్ధం ముగిసేలోగా సుమారు 1,80,000 మంది నల్లజాతి సైనికులు ఉత్తరాది సైన్యంలో చేరారు.

సమాధానం: పత్తి వ్యాపారి, పట్నంబజారు, గుంటూరు

బ్రిటన్ ప్రస్తావన వచ్చింది కనుక పత్తి గురించి కొంత చెప్పాలి. యుద్ధానికి ముందు బ్రిటన్ మిల్లులకు వచ్చే పత్తిలో మూడు వంతులకు పైగా అమెరికా దక్షిణాదిదే. పత్తి ఆపితే బ్రిటన్ తమ కాళ్ల దగ్గరికి వస్తుందన్న ధీమాతో దక్షిణాదివారు 1861లో తామే ఎగుమతులు నిలిపివేశారు. అంతకుముందు ఏడు పండిన భారీ పంట అప్పటికే బ్రిటన్ గోదాముల్లో నిల్వ ఉండడంతో ఆ దెబ్బ వెంటనే తగలలేదు. తగిలే నాటికి ఈజిప్టు, భారతదేశాల నుంచి సరుకు పోవడం మొదలైంది. లాంకషైర్ కార్మికులు పస్తులున్న మాట నిజమే గాని, వారి ప్రభుత్వం మాత్రం యుద్ధంలోకి దిగలేదు. ఆ రోజుల్లో గుంటూరు ప్రాంతం చాలావరకు కృష్ణా జిల్లాలో ఉండేది. ఇక్కడి పత్తి కాకినాడ రేవు నుంచి ఓడలెక్కేది. మన పింజ పొట్టిదని మిల్లులవారు సణిగినా, గత్యంతరం లేక కొన్నారు. 1865లో యుద్ధం ముగియగానే ధరలు కూలి, బొంబాయిలో ఎందరో వర్తకులు దివాలా తీశారు. తన సరుకు లేనిదే లోకం నడవదని నమ్మి దక్షిణాది చేసిన ఆ లెక్క, ఏ యుద్ధభూమిలోనూ సరిదిద్దుకోలేని తప్పని నా అభిప్రాయం.

ప్రశ్న వేసినవారు: బ్రాడీపేట విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. నది పోయింది, బ్రిటన్ మీద ఆశ పోయింది. అటువంటప్పుడు 1864లో దక్షిణాది ఏ ఆశతో పోరాడినట్లు?

సమాధానం: గవర్నర్‌పేట, విజయవాడ

ఉత్తరాది ఓటర్లు విసిగిపోతారన్న ఆశతో. మీరు అడిగిన 21 నెలల రహస్యం ఇక్కడే ఉంది. దక్షిణాది ఉత్తరాదిని జయించనక్కరలేదు. యుద్ధం దండగని అక్కడి ప్రజలు అనుకునేంత వరకు నిలబడితే చాలు. 1864 మే, జూన్ నెలలలో విల్డర్‌నెస్, స్పాట్సిల్వేనియా, కోల్డ్ హార్బర్ పోరాటాలలో గ్రాంట్ సుమారు 55,000 మందిని నష్టపోయి, ఆ తరువాత పీటర్స్‌బర్గ్ ముందు ముట్టడిలో చిక్కుకున్నాడు. ఆగస్టు 23న లింకన్, ఆ నవంబరులో జరగబోయే అధ్యక్ష ఎన్నికల్లో తాను మళ్లీ గెలవడం అసంభవంగా కనిపిస్తున్నదని ఒక కాగితం మీద రాసి, అందులో ఏముందో చూపించకుండానే మంత్రుల చేత సంతకాలు చేయించాడు. అతనిపై పోటీకి నిలిచినది పైన చెప్పిన మెక్లెల్లనే. పట్టుమని పది రోజులకు, సెప్టెంబరు 2న, రైలు మార్గాల కూడలి అయిన అట్లాంటా ఉత్తరాది సేనాని షెర్మన్ వశమైంది. నవంబరు 8న లింకన్ 212 ఎలక్టోరల్ ఓట్లతో (అధ్యక్షుణ్ణి ఎన్నుకునే రాష్ట్రాల ప్రతినిధుల ఓట్లు) గెలిచాడు. మెక్లెల్లన్‌కు 21 మాత్రమే వచ్చాయి.

కాబట్టి మీ పత్రంలో గెటిస్‌బర్గ్‌కు ఒక పేరా చాలు. అట్లాంటా చుట్టూ కలిసే రైలు మార్గాలను, వాటిని షెర్మన్ ఒక్కొక్కటిగా తెంచిన క్రమాన్ని చూపే పటం మాత్రం తప్పక జతచేయండి. చివరి మార్గం జోన్స్‌బరో దగ్గర తెగాక, దక్షిణాది సేనాని హుడ్ తన మందుగుండు రైలును తానే తగులబెట్టి నగరాన్ని ఖాళీ చేశాడు.